ఎవరూ వాడటం లేదనుకుని ప్లగిన్లు తీసేశా, మూడు సైట్లు పడుకున్నాయి

మహేంద్రతనయ
ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి రాస్తున్నా. ఇక్కడి తెలుగు సంఘం కోసం పెట్టిన సైటు పెరిగి పెరిగి ఇప్పుడు 13 సైట్ల నెట్‌వర్క్ అయింది. గుణుపురం, రాయగడ, బరంపురం సంఘాలవి, రెండు బడులవి, ఒక గుడిది, ఒక పట్టుచీరల కొట్టుది, మిగతావి చిన్నాచితకా. అన్నీ ఒకే వర్డ్‌ప్రెస్ మల్టీసైట్. అంటే సైట్లు నడిపే సాఫ్ట్‌వేరు ఒకటే, దాని మీద 13 సైట్లు. మొత్తానికీ పెత్తనం చేసే సూపర్ అడ్మిన్ని నేనే. జీతం లేదు, సెలవూ లేదు.

మొన్న ఆదివారం శుభ్రం చేద్దామని కూర్చున్నా. నెట్‌వర్క్ అడ్మిన్‌లో ప్లగిన్లు (సైటుకి అదనపు పనులు చేర్చేవి) 41, థీములు (సైటుకి రూపాన్నిచ్చేవి) 17 ఉన్నాయి. ఎప్పుడో ఎవరో అడిగితే వేసినవే అన్నీ. అందులో నెట్‌వర్క్ యాక్టివ్ అని ఉన్న ప్లగిన్లు 9. మిగతా 32 కింద డిలీట్ అని ఎర్రగా కనిపిస్తోంది. వాడుతుంటే డిలీట్ ఎందుకు చూపిస్తుంది, వాడటం లేదనే కదా? 22 తీసేశా. అదే ఊపులో థీములు 10 తీసేశా. సర్వర్ తేలికైందని సంతోషంగా భోంచేశా.

రాత్రి 8 దాటాక ఫోన్లు మొదలు. రాయగడ బడి సైటు తెల్ల కాగితంలా ఉందట. పట్టుచీరల కొట్టు సైటులో చీరల బొమ్మలు ఉండాల్సిన చోట చదరపు బ్రాకెట్లలో గ్యాలరీ అని, పక్కన ఏదో నంబరు. గుడి సైటులో పూజల ఫారం లేదు.

శనివారం రాత్రి బ్యాకప్ హోస్టింగు వాళ్ళ దగ్గర ఉంది. మొత్తం వెనక్కి తిప్పేయనా? ఇంకో ప్రశ్న, ఏది ఎవరు వాడుతున్నారో అసలు తెలిసేదెలా?

రాయగడ_రైలు
ఆ బడి సైటులో మా మేనల్లుడికి వ్యాసరచనలో ఫస్టు వచ్చిన ఫోటో ఉండేది. పొద్దున్నుంచీ చుట్టాలందరికీ లింకు పంపుతున్నా. నువ్వేనన్నమాట.

బరంపురం_బావ
తిప్పకు. ముందు మౌసు మీంచి చెయ్యి తియ్యి.

13 సైట్లకీ డేటాబేసు ఒకటే. ఒక్కో సైటుకి ఒక నంబరు, ప్రధాన సైటు తప్పిస్తే ఆ నంబరు తగిలించిన టేబుళ్ళు దానివి. డబ్ల్యూపీ_2_పోస్ట్స్, డబ్ల్యూపీ_3_పోస్ట్స్ అలా. యూజర్ల టేబులు మాత్రం ఉమ్మడి. శనివారం బ్యాకప్ మొత్తంగా ఎక్కించావంటే పడుకున్న మూడూ లేస్తాయి, బాగున్న పదింటిలో ఆదివారం రాసినవన్నీ గంగలో కలుస్తాయి. ఇప్పుడు తిట్టేది ముగ్గురు, అప్పుడు పదమూడుగురు.

నువ్వు తీసింది ఫైళ్ళు. డేటా చాలామటుకు అక్కడే ఉంటుంది. అవే ప్లగిన్లు, అవే థీములు మళ్ళీ పెట్టు.

మహేంద్రతనయ
బావా, కొన్నింటికి డిలీట్ కొట్టేటప్పుడు 'ఇదీ, దీని డేటా కూడా తీసేయాలా' అని అడిగింది. ఓకే కొట్టా. అందుకే గుండె దడ.

కోడ్_కందిపప్పు
ప్లగిన్ తన వెంట అన్‌ఇన్‌స్టాల్ ఫైలు తెచ్చుకుంటే అలా అడుగుతుంది. ఆ ఫైలు నడిచేది ఒక్కసారే. నువ్వు తీసింది నెట్‌వర్క్ అడ్మిన్ నుంచి కాబట్టి ప్రధాన సైటు మీద నడిచి ఉంటుంది. ప్లగిన్ రాసినవాడు శ్రద్ధగా సైట్లన్నీ తిరిగేలా లూపు రాసి ఉంటే అన్నిచోట్లా తుడిచేస్తుంది. ఎక్కువమంది రాయరు. వాళ్ళ బద్ధకమే ఇవాళ నీకు రక్ష.

ఏవేవి తీశావో పేర్లు గుర్తున్నాయా?

మహేంద్రతనయ
22లో ఓ 15 గుర్తున్నాయి.

సిరొంచ_సారు
గుర్తు జేస్కునుడెందుకు తమ్మీ, శనివారం బ్యాకప్ ఉన్నదంటివి గదా. అండ్ల డేటాబేసు ముట్టకు. ప్లగిన్స్ ఫోల్డరు, థీమ్స్ ఫోల్డరు రెండే దింపుకో. కంప్యూటర్ల విప్పి సూడు, తీసేసినయన్ని అండ్లనే ఉంటయి. వెర్షన్ గూడ నువ్వు వాడిందే దొర్కుతది. కొత్తగ దింపితే కొత్త వెర్షన్ అస్తది, దానితోని ఇంకో లొల్లి.

మాది ప్రాణహిత ఒడ్డు. కరెంటు, నెట్టు రెండు ఒక్కసారే పోతయి. నేనైతే ఏ అప్‌డేట్ జేసినా ముందుగాల ఈ రెండు ఫోల్డర్లు జిప్ కొట్టి పెన్ డ్రైవ్‌ల ఏస్కుంట.

కోడ్_కందిపప్పు
సారు చెప్పిందే దారి. దానికంటే ముందు ఒక పని, ఆ మూడు సైట్ల వాళ్ళకీ ఫోన్ చేసి డాష్‌బోర్డులో ప్లగిన్ల పేజీ, థీముల పేజీ తెరవొద్దని చెప్పు.

ఎందుకంటే ఫైళ్ళు లేకపోయినా 'ఈ సైటులో ఫలానా ప్లగిన్ ఆన్‌లో ఉంది' అన్న ముక్క ఆ సైటు ఆప్షన్స్ టేబుల్లో అలాగే ఉంటుంది. ఫోల్డరు తిరిగి వచ్చిందంటే ఏమీ జరగనట్టు నడుస్తుంది. ఈలోగా ఎవరైనా ప్లగిన్ల పేజీ తెరిచారా, వర్డ్‌ప్రెస్ వెతికి, ఫైలు లేదని ఆఫ్ చేసేస్తుంది. థీముల పేజీ తెరిస్తే థీము పాడైందని చెప్పి డిఫాల్టు థీముకి మార్చేస్తుంది.

మహేంద్రతనయ
రాయగడ హెడ్మాష్టారు గారు అప్పుడే తెరిచేశారట. "బాబూ, సైటు దానంతటదే బాగైపోయింది" అంటున్నారు. చూస్తే తెల్ల కాగితం పోయింది నిజమే, కానీ బడి సైటు కాస్తా ఎవరిదో ఇంగ్లీషు కవితల పత్రికలా ఉంది. మెనూ లేదు, లోగో లేదు.

గుణుపురం_గుమాస్తా
అయితే ఆ థీములో పెట్టుకున్న రంగులు, మెనూలు అన్నీ మళ్ళీ మొదటినుంచా పాపం?

కోడ్_కందిపప్పు
అక్కర్లేదు. ఆ సెట్టింగులు థీము పేరు మీద విడిగా దాచి ఉంటాయి. పాత థీము తిరిగి పెట్టి, యాక్టివేట్ చేస్తే రంగులు, లోగో, మెనూ ఎక్కడివక్కడ వస్తాయి. విడ్జెట్లు (పేజీ పక్కన, కింద పెట్టే చిన్న పెట్టెలు) ఒక్కటి చూసుకోవాలి, అవి అప్పుడప్పుడు 'ఇనాక్టివ్' గూట్లోకి పోయి కూర్చుంటాయి.

థీము ఫోల్డరు ఎక్కించగానే ఆ సైటులో కనిపించదు మహేంద్రా, కంగారు పడకు. డిలీట్ చేసినప్పుడే నెట్‌వర్క్ అనుమతుల జాబితాలోంచి దాని పేరు పోయి ఉంటుంది. మళ్ళీ నెట్‌వర్క్ ఎనేబుల్ కొట్టాలి. లేదా సైట్స్‌లో ఆ ఒక్క సైటు ఎడిట్‌కి వెళ్ళి థీమ్స్ ట్యాబులో దానికి మాత్రం ఇవ్వాలి.

మహేంద్రతనయ
ఇంకో సంగతి ఇప్పుడే తెలిసింది. ఆ బడి థీము నేను తీయలేదు! అది నేను చేసిన చైల్డ్ థీము, అంటే ఇంకో థీము (పేరెంట్) మీద ఆధారపడి చిన్న మార్పులు చేసేది, లిస్టులో భద్రంగా ఉంది. తీసింది దాని పేరెంట్‌ని. పేరెంట్‌ని ఏ సైటూ నేరుగా పెట్టుకోలేదు కదా అని.

రాయగడ_రైలు
తల్లిని ఇంట్లోంచి పంపేసి పిల్ల ఎందుకు ఏడుస్తోందని ఊరంతా అడుగుతున్నాడు.

జైపూర్_జీడిపప్పు
నాకు తెలియక అడుగుతున్నా. నెట్‌వర్క్ యాక్టివ్ కాని ప్లగిన్‌ని సైట్లు ఎలా వాడతాయి అసలు? మా ఆఫీసులో ఈ పని నా నెత్తిన వేశారు, రెండు వారాలే అయింది.

బరంపురం_బావ
మూడు మెట్లు అనుకో జీడిపప్పూ. ఒకటి, ఇన్‌స్టాల్. ఇది సూపర్ అడ్మిన్ ఒక్కడే చేస్తాడు, ఫైళ్ళు ఒకే చోట ఉంటాయి. రెండు, నెట్‌వర్క్ యాక్టివేట్. ఇలా చేస్తే అన్ని సైట్లలో నడుస్తుంది, సైటు అడ్మిన్‌కి కనిపించదు, ఆపలేడు. మూడు, ఏ సైటు డాష్‌బోర్డులోకి వెళ్ళి అక్కడ యాక్టివేట్ చేస్తే ఆ సైటు వరకే. మహేంద్ర చూసిన పేజీ రెండో మెట్టు సంగతి మాత్రమే చెబుతుంది. మూడో మెట్టు ముచ్చట ఏ సైటుదా సైటు టేబుల్లో ఉంటుంది, ఆ పేజీ అక్కడిదాకా వెళ్ళి చూడదు. డిలీట్ అని ఎర్రగా కనిపించింది అందుకే.

థీముల సంగతి ఇంకా తమాషా. నెట్‌వర్క్ ఎనేబుల్ అంటే అందరికీ పెట్టేయడం కాదు, అంగట్లో వరసగా పేర్చడం. ఎవరికి కావాలో వాళ్ళు తీసుకుంటారు. పైగా డిసేబుల్ చేసినా అప్పటికే కట్టుకున్నవాళ్ళ ఒంటి మీంచి ఊడదు, వాళ్ళు ఇంకోటి మార్చుకున్నాక మాత్రం మళ్ళీ లిస్టులో కనిపించదు. కాబట్టి డిసేబుల్ అని ఉన్న థీముని కూడా ఎవరో వాడుతూ ఉండొచ్చు.

జైపూర్_జీడిపప్పు
ఇంత గోల దేనికి, అన్నీ నెట్‌వర్క్ యాక్టివేట్ కొట్టేస్తే పోలా? అప్పుడు ఏది వాడుతున్నారో అనుమానమే ఉండదు.

బరంపురం_బావ
చేశాను ఆ పని. విను.

మా దగ్గర 8 సైట్లు, తెలుగువి 5, ఒడియావి 3. రిజిస్ట్రేషన్ల ప్లగిన్ ఒకటి నెట్‌వర్క్ యాక్టివేట్ చేశా. ప్రధాన సైటులో చూశా, బంగారంలా పనిచేసింది. అందరికీ చెప్పేశా. మిగతా ఏడింటిలో ఫారం కనిపిస్తుంది, పేరు రాస్తారు, పంపు నొక్కుతారు, ఎక్కడికీ పోదు. వారం రోజులు ఎవరూ పేరు ఇవ్వలేదనుకున్నాం. కార్యక్రమం రోజు జనం వచ్చి "మేం పేర్లు ఇచ్చాం కదా" అంటే బిక్కమొహం వేశాం. భోజనాలు సరిపోలేదు.

కారణం ఏంటంటే, ప్లగిన్ యాక్టివేట్ అయినప్పుడు ఒక హుక్, అంటే ఆ క్షణానికని రాసిపెట్టిన కోడు, నడుస్తుంది, తనకు కావలసిన టేబులు అప్పుడే తయారు చేసుకుంటుంది. నెట్‌వర్క్ యాక్టివేట్‌లో ఆ హుక్ సైటుకోసారి కాదు, మొత్తానికి ఒకేసారి, ప్రధాన సైటు కోసం నడుస్తుంది. లోపల లూపు లేకపోతే మిగతా సైట్లకి టేబులే పుట్టదు. అది తెలిశాక ఏ ప్లగిన్ అయినా రెండో నంబరు సైటులో పెట్టి చూస్తాను, ప్రధాన సైటులో పనిచేసిందన్న మాట నమ్మను.

సిరొంచ_సారు
రెండో సైటే గాదు బావా, అటెన్క కొత్త సైటు పుట్టిచ్చినప్పుడు గూడ సూడాలె. కొన్ని ప్లగిన్లు ఉన్న సైట్లకు టేబుల్ జేస్తయి, రేపు పుట్టేదాన్ని మరుస్తయి.

గుణుపురం_గుమాస్తా
నేను మొదటినుంచీ చెప్పేది ఇదే. ఎందుకండీ మల్టీసైటు? 13 మందికి 13 విడి సైట్లు పెట్టిస్తే ఎవడి పొయ్యి వాడిది. మా నౌపడా రైలు లైను చూడండి, గుణుపురం దాకా ఒకటే లైను. 2004లో గేజీ మార్పిడి అని ఆపారు, 2011 దాకా అందరం బస్సులే. ఒకటే లైను మీద అందరూ ఉంటే ఆగినప్పుడు అందరూ ఆగుతారు.

బరంపురం_బావ
గుమాస్తా గారూ, ఆ లైను అసలు లేకపోతే మీరు 1931 నుంచీ బస్సులోనే వెళ్ళేవారు.

13 విడి సైట్లంటే 13 చోట్ల అప్‌డేట్, 13 పాస్‌వర్డులు, 13 బ్యాకప్పులు. మొదటి మూడు నెలలు చేస్తారు. తర్వాత ఏ బడి సైటో రెండేళ్ళ పాత ప్లగిన్‌తో పడి ఉంటుంది, ఎవడో వచ్చి జూదం ప్రకటనలు అతికించి పోతాడు. మా దగ్గర అయింది అది.

గుణుపురం_గుమాస్తా
అతికించి పోతే ఆ ఒక్కదానికే. మల్టీసైటులో అయితే అందరి ఇంటి మీదా పడతాయి. యూజర్ల టేబులు ఉమ్మడి అని మీరే అన్నారు.

బరంపురం_బావ
అది ఒప్పుకుంటా. సూపర్ అడ్మిన్ పాస్‌వర్డు పోయిందంటే అన్ని ఇళ్ళ తాళాలూ పోయినట్టే.

రాయగడ_రైలు
1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడినప్పుడు పర్లాకిమిడి జమీందారీని అటు కొంత ఇటు కొంత గీత గీసి విడగొట్టారు. పెళ్ళికి వెళ్ళాలంటే ఇప్పటికీ రాష్ట్రం దాటుతున్నాం. గుమాస్తా గారు సైట్లు కూడా విడగొట్టమంటున్నారు.

కోడ్_కందిపప్పు
నా లెక్క వేరే. సైట్లు ఒకే పోలికలో ఉంటే, అంటే ఒకే థీము, ఒకే రకం పనులైతే, మల్టీసైటు. బడులు, సంఘాలు ఆ కోవలోకి వస్తాయి. చీరల కొట్టు రాదు. రేపు వాళ్ళు అమ్మకాలు పెడతామంటారు, చెల్లింపులు అంటారు, సొంతంగా ఇంకో ఎనిమిది ప్లగిన్లు కావాలంటారు. అలాంటిది ఉమ్మడి కాపురంలో ఇమడదు. దాన్ని బయటికి పంపు మహేంద్రా.

మహేంద్రతనయ
ఆ కొట్టు మా చిన్నాన్నది. బయటికి పంపితే నన్ను పండక్కి పిలవరు.

రాయగడ_రైలు
ఇప్పుడు మాత్రం పిలుస్తారనా.

సిరొంచ_సారు
ముందుగాల అడిగినదానికి జవాబు ఎవ్వరు చెప్పలే. ఏది ఎవరు వాడుతున్నరో తెలుసుడెట్ల?

ఎస్‌ఎస్‌హెచ్ (సర్వర్ల కమాండ్లు కొట్టే దారి) ఉంటే డబ్ల్యూపీ-సీఎల్‌ఐ (వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతోని నడిపే పనిముట్టు) ఏస్కో. 'సైట్ లిస్ట్' అని కొడితే అన్ని సైట్ల యూఆర్‌ఎల్‌లు అస్తయి. ఒక్కొక్క యూఆర్‌ఎల్ ఇచ్చుకుంట 'ప్లగిన్ లిస్ట్' కొట్టు. యాక్టివ్ అంటే ఆ సైటు మట్టుకు. యాక్టివ్-నెట్‌వర్క్ అంటే అందరికి. 'థీమ్ లిస్ట్' కొడితే పేరెంట్ ఏదో గూడ పేరెంట్ అనే రాస్తది, నువ్వు తీసినట్టు తీయకుండ. మా 6 సైట్లకు రెండు నిమిషాల పని. నేను దాన్ని కాయితం మీద గీసుకొని గోడకు అంటువెట్టిన, ఎక్సెల్ నాకు రాదు.

మహేంద్రతనయ
సారూ, మా ప్యాకేజీలో ఎస్‌ఎస్‌హెచ్ ఇవ్వలేదు. చౌక ప్యాకేజీ.

కోడ్_కందిపప్పు
అయితే థీము వరకు చెయ్యొచ్చు. సైట్స్, ఎడిట్, సెట్టింగ్స్ ట్యాబు. అక్కడ పొడవాటి చిట్టా ఉంటుంది, కిందికి పోతే స్టైల్‌షీట్, టెంప్లేట్ అని రెండు గళ్ళు. స్టైల్‌షీట్ అంటే ఆ సైటు పెట్టుకున్న థీము, టెంప్లేట్ అంటే దాని పేరెంట్. రెండు పేర్లూ ఒకటే అయితే చైల్డ్ కాదు. ఇది చూసి ఉంటే ఆదివారం నీకు నిద్ర పట్టేది.

ప్లగిన్లకి అక్కడ చూస్తే 'సీరియలైజ్డ్ డేటా' అని బూడిద రంగు గడి ఉంటుంది, చదవనివ్వదు. డేటాబేసు తెరిచి చూపే పీహెచ్‌పీ మైఅడ్మిన్‌లో ఒక్కో సైటు ఆప్షన్స్ టేబులు తెరిచి యాక్టివ్_ప్లగిన్స్ అనే వరస చూడు. చూడటం వరకే, చేత్తో దిద్దకు. అందులో అక్షరాల లెక్క రాసి ఉంటుంది, ఒక్కటి తేడా వస్తే మొత్తం చెడుతుంది. అదీ వద్దంటే 13 డాష్‌బోర్డులు ఒక్కొక్కటే తిరగడమే. అరగంట.

గుడి_గంట
నేను ఆ గుడి సైటు చూసేవాడిని. మహేంద్ర లింకు పంపితే వచ్చాను. మీరంతా సూపర్ అడ్మిన్ల బాధలు చెప్పుకుంటున్నారు, మా వైపు కూడా ఒక మాట వినండి.

నాకు ప్లగిన్ల మెనూ లేదు. గుడికి దారి చూపే మ్యాపు కోడు పెడితే సేవ్ కొట్టగానే మాయమవుతుంది. ఉత్సవం కరపత్రం ఎక్కిద్దామంటే 2 ఎంబీ ఉందని తోసేస్తుంది. ప్రతిదానికీ ఇతనికి ఫోన్ చేయాలి. ఇతను ఎత్తడు. ఎత్తినరోజు పూజల ఫారం తీసేశాడు.

మహేంద్రతనయ
గంట గారూ, ఫోన్ ఎత్తకపోవడం తప్పే.

కరపత్రం సంగతి నెట్‌వర్క్ సెట్టింగ్స్‌లో ఉంది, ఒక్కో ఫైలుకి 1500 కేబీ అని మొదటినుంచీ అదే ఉంది, నేను మార్చలేదు. ఇప్పుడు 5000 చేశా. ప్రయత్నించండి.

కోడ్_కందిపప్పు
మ్యాపు మాయమవడం తప్పు కాదు, కాపలా. మల్టీసైటులో సైటు అడ్మిన్‌కి ఐఫ్రేములు (బయటి పేజీని లోపల చూపే కోడు), స్క్రిప్టులు పెట్టే హక్కు ఉండదు, సూపర్ అడ్మిన్‌కే ఉంటుంది. ఒక సైటులో పెట్టిన చెడ్డ స్క్రిప్టు పక్క సైటు వాళ్ళ లాగిన్ని పట్టుకోకుండా. యూట్యూబ్ వీడియో అయితే కోడు వద్దు, లింకు ఒక్కటే విడి వరసలో పెట్టండి, వస్తుంది. మ్యాపు మహేంద్ర చేతే పెట్టించుకోండి.

గుడి_గంట
ప్లగిన్ల మెనూ ఇస్తే ఏం పోతుంది? నేను ఇన్‌స్టాల్ చెయ్యను, ఉన్నవాటిలో కావలసింది ఆన్ చేసుకుంటాను.

సిరొంచ_సారు
ఇయ్యాలె. పెద్దమనిషికి ఆన్, ఆఫ్ ఇచ్చుడు తప్పు కాదు. నెట్‌వర్క్ సెట్టింగ్సుల అట్టడుగున అడ్మినిస్ట్రేషన్ మెనూలు అని ఉంటది, ప్లగిన్స్‌కు టిక్కు కొడితే అయిపాయె.

బరంపురం_బావ
నేను ఇవ్వను. ఆ టిక్కు ఒక్క గుడికి కాదు, 13 సైట్లకీ పడుతుంది. ఒకాయన మా దగ్గర పేజీల నకళ్ళు దాచి చూపే క్యాష్ ప్లగిన్లు రెండు ఒకేసారి ఆన్ చేసి, తాను రాసిన పోస్టు తనకే కనిపించడం లేదని పోలీసు కంప్లైంట్ ఇస్తానన్నాడు.

గుణుపురం_గుమాస్తా
విడి సైట్లయితే ఈ పంచాయితీ ఉండదు. ఊరికే అన్నా.

జైపూర్_జీడిపప్పు
ఆటో అప్‌డేట్ పెట్టేయొచ్చా? మా సార్ పెట్టమంటున్నారు.

కోడ్_కందిపప్పు
ప్లగిన్లకి, థీములకి ఆ మీట 2020లో 5.5 నుంచి ఉంది. మల్టీసైటులో నెట్‌వర్క్ అడ్మిన్ నుంచే వెయ్యాలి. 2024లో 6.6 వచ్చాక, ఆటో అప్‌డేట్ అయిన ప్లగిన్ ఫేటల్ ఎర్రర్ (సైటునే ఆపేసే తప్పు) ఇస్తే తానే పాత వెర్షనుకి వెనక్కి తిప్పుతుంది. ఫేటల్ అయితేనే సుమా. బొమ్మలు వంకరపోతే, ఫారం పోకపోతే దానికి తెలియదు. నేను చిన్న ప్లగిన్లకి ఆన్ చేసి, ఫారాలకీ థీముకీ ఆఫ్‌లో ఉంచుతా.

వర్డ్‌ప్రెస్‌నే అప్‌డేట్ చేశాక 'అప్‌గ్రేడ్ నెట్‌వర్క్' నొక్కడం మరిచిపోకు. సైట్ల డేటాబేసులు ఐదేసి చొప్పున సరిచేసుకుంటూ పోతుంది.

రాయగడ_రైలు
ఐదేసి చొప్పున అంటే దర్శనం క్యూ లాగ. గంట గారికి నచ్చుతుంది.

బరంపురం_బావ
మహేంద్రా, అసలు ఆ బడికి చైల్డ్ థీము ఎందుకు చేశావు? అన్నింటికీ ఒకటే ఉండాల్సింది.

మహేంద్రతనయ
అక్షరాల కోసం. ఆ థీము హెడింగుల్లో అక్షరాల మధ్య దూరం తగ్గించి పెట్టారు, ఇంగ్లీషుకి సోకుగా ఉంటుంది. తెలుగులో అక్షరాలు ఒకదాని భుజాల మీద ఒకటి ఎక్కుతున్నాయి. పైగా వరసల మధ్య ఖాళీ తక్కువ, వత్తులు కోసుకుపోతున్నాయి. 'రాష్ట్రం' అని రాస్తే ష కింద ట, ర రెండూ వేలాడాలి కదా, సగమే కనిపించేవి. మొదట థీము ఫైల్లోనే దిద్దా. అప్‌డేట్ రాగానే తుడుచుకుపోయింది. పైగా ఫైలు అందరికీ ఒకటే కాబట్టి నేను మండలి ఫాంటు పెడితే బరంపురం వాళ్ళ ఒడియా పేజీలకీ అదే పేరు వెళ్ళింది, అందులో ఒడియా అక్షరాలే లేవు, ఏ ఫోన్లో ఏ ఫాంటు దొరికితే అది పడింది. అప్పుడు చైల్డ్ థీము చేశా.

బరంపురం_బావ
ఓహో, ఆ నెల రోజుల ఒడియా నీ చలవేనా.

కోడ్_కందిపప్పు
దీనికి చైల్డ్ థీము అక్కర్లేదు. కొద్దిపాటి సీఎస్ఎస్ (పేజీ రూపం దిద్దే కోడు) అయితే సూపర్ అడ్మిన్‌గా ఆ సైటు కస్టమైజ్‌లో అడిషనల్ సీఎస్ఎస్‌లో రాయొచ్చు. అది సైటు అడ్మిన్‌కి కనిపించదు, నీకు కనిపిస్తుంది. థీము మారిస్తే మాత్రం అది వెంట రాదు.

తెలుగు సైట్లన్నింటికీ ఒకేలా కావాలంటే ఎంయూ-ప్లగిన్ రాయి. డబ్ల్యూపీ-కంటెంట్‌లో ఎంయూ-ప్లగిన్స్ అని ఫోల్డరు పెట్టి ఒక పీహెచ్‌పీ ఫైలు వేస్తే చాలు, యాక్టివేట్ అనే మాటే లేదు, అన్ని సైట్లలో నడుస్తుంది. లోపల సైటు భాష అడిగి, తెలుగైతే ఒక ఫాంటు, ఒడియా అయితే నోటో సాన్స్ ఒరియా, అలా. ఫైలు ఆ ఫోల్డరు పైభాగంలోనే ఉండాలి, ఇంకో ఫోల్డరులో దాస్తే చదవదు. నువ్వు ఎన్ని ఆదివారాలు శుభ్రం చేసినా దానికి డిలీట్ బొత్తామే ఉండదు, అది నీకు బాగా పనికొస్తుంది.

సిరొంచ_సారు
ఎంయూ అంటే ఎన్కట మల్టీ యూజర్. 2010ల 3.0 అచ్చిందాక వర్డ్‌ప్రెస్ ఎంయూ అని అలగ్ డౌన్‌లోడ్ ఉండె. కలిపినంక ఎంయూ అంటే మస్ట్ యూజ్ అన్నరు. పేరు గట్లనే ఉన్నది, అర్థం మార్చిన్రు.

కందిపప్పు సెప్పింది మంచిదే గని ఒక సెమికోలన్ మర్సినవంటే పదమూడు సైట్లు ఒక్కపారి పంటయి. ఆఫ్ జేద్దమంటే డాష్‌బోర్డు గూడ తెర్వదు. ఫైలు మేనేజరు పక్కకు తెరిచి పెట్టుకోని రాయి.

జైపూర్_జీడిపప్పు
సంబంధం లేని ప్రశ్న. తెలుగు శీర్షిక పెడితే లింకు మధ్యలో తెగిపోతోంది, ఇది కూడా థీము వల్లేనా?

కోడ్_కందిపప్పు
కాదు. లింకు పేరుకి 200 అక్షరాల హద్దు ఉంది. ఒక్కో తెలుగు అక్షరం లింకులో శాతం గుర్తులతో 9 గళ్ళు తింటుంది, గుణింతం, పొల్లు కూడా విడి లెక్కే. 22 దాటాక కోత. లింకు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో నువ్వే రాసుకో. మిగతాది వేరే చోట అడుగు, ఇక్కడ ఇల్లు కాలుతోంది.

మహేంద్రతనయ
బుధవారం కబురు. సారు చెప్పినట్టు బ్యాకప్‌లోంచి రెండు ఫోల్డర్లే దింపి, తీసిన 22 ప్లగిన్లూ, 10 థీములూ తిరిగి ఎక్కించా. చీరల కొట్టు గ్యాలరీ నేను పేజీ రిఫ్రెష్ చేసేలోపు వచ్చేసింది, చిన్నాన్న డాష్‌బోర్డు ముఖం చూసి ఏడాదైంది కాబట్టి. బడికి పేరెంట్‌ని ఎనేబుల్ చేసి, చైల్డ్‌ని మళ్ళీ యాక్టివేట్ చేస్తే రంగులు, మెనూ వచ్చేశాయి. ఒక విడ్జెట్ గూట్లోకి పోయింది, తీసి పెట్టా.

తర్వాత 13 డాష్‌బోర్డులూ తిరిగా. అరగంట కాదు, గంటన్నర. ఆ 22లో నిజంగా వాడుకలో ఉన్నవి 6. గుణుపురం సైటులో స్లైడరు కూడా మూడు రోజులుగా పోయి ఉందట, గుమాస్తా గారు చూసుకోలేదు.

గుణుపురం_గుమాస్తా
నేను విడిగా ఇంకో సైటు పెట్టుకున్నా. అందులోనే ఉంటున్నా.

మహేంద్రతనయ
గుడి ఫారం మాత్రం వచ్చింది గానీ ఖాళీగా వచ్చింది. పాత బుకింగులు లేవు. కందిపప్పు అన్న 'శ్రద్ధగా లూపు రాసినవాడు' ఆ ప్లగిన్ రాసినాయనే.

కోడ్_కందిపప్పు
ఉన్నవాళ్ళలో మంచివాడు నీకే దొరికాడు. బ్యాకప్ డేటాబేసులోంచి గుడి సైటు నంబరుతో మొదలయ్యే ఆ ప్లగిన్ టేబుళ్ళు మాత్రమే తీసి ఎక్కించు. దాని సెట్టింగులు ఆప్షన్స్ టేబుల్లో ఉంటాయి, అవి చేత్తో మళ్ళీ పెట్టుకో, ఆ టేబులు మొత్తం మార్చకు.

మహేంద్రతనయ
చేశా. శనివారం రాత్రి దాకా ఉన్నవి వచ్చాయి. ఆదివారం పొద్దున్నుంచి నేను తీసేసేదాకా వచ్చినవి పోయాయి.

గుడి_గంట
పోలేదు. ఫారం నింపగానే నాకు మెయిలు కూడా వస్తుంది. నేను ప్రతిదీ ప్రింటు తీసి పూజారి గారికి ఇస్తాను, ఇతని సైటు మీద నాకు మొదటినుంచీ నమ్మకం లేదు. ఆదివారానివి 11 ఉన్నాయి.

మహేంద్రతనయ
ఇక మీదట ఫోన్ ఎత్తుతా గంట గారూ. మెనూ సంగతి మాత్రం బావ మాటే, ఇవ్వను. మీకు కావలసినవి నేనే మీ సైటులో ఆన్ చేస్తా. మ్యాపు పెట్టా, చూడండి.

సిరొంచ_సారు
మిగిలిన 16 ఏం జేస్తున్నవ్?

మహేంద్రతనయ
ఇంకా తీయలేదు. వారానికి రెండు చొప్పున, ఆదివారం కాకుండా.

రాయగడ_రైలు
మేనల్లుడి ఫోటో వచ్చింది. కింద 'వ్యాసరచనలో ప్రథమ స్థానం, ఉత్కళ రాష్ట్ర స్థాయి' అన్న చోట రాష్ట్రకి కింద సగం ఇంకా కోసేసి ఉంది.

మహేంద్రతనయ
అది ఫోటో కింది వరస, దాన్ని మరిచిపోయా. వరస ఎత్తు 1.8 చేశా. క్యాష్ తుడిచి చూడు.

రాయగడ_రైలు
వచ్చింది. ర కూడా వచ్చింది.